నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో చేరుతున్నాను. ఇరవై రెండు మందిలో మగవాళ్లం ముగ్గురమే

మర్రిగూడ మనుమడు:

అందరికీ నమస్కారం. నా వయసు 24. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. ఇంటర్‌లో బైపీసీ చదివి, డిగ్రీని మధ్యలో మానివేసి, మూడేళ్లపాటు హైదరాబాదులో ఇంటింటికీ పార్శిళ్లు అందించే పని చేశాను. వచ్చే సోమవారం నల్లగొండలోని ఒక శిక్షణ కేంద్రంలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సులో చేరుతున్నాను. దానిని కొందరు నర్సింగ్ అసిస్టెంట్ అంటున్నారు, ఇంకొందరు పేషెంట్ కేర్ అంటున్నారు, మా ఊళ్లో మాత్రం దానికి ఒకటే పేరు: వార్డ్ బాయ్. పేర్లు రాయించుకున్న ఇరవై రెండు మందిలో మగవాళ్లం ముగ్గురమే ఉన్నాము.

మా ప్రాంతం తెలిసినవారికి నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మా తాత బతికినన్నాళ్లూ తాగింది బావి నీళ్లు, ఆ తరువాత బోరు నీళ్లు. యాభై నిండకముందే ఆయన నడుము వంగిపోయింది. మెడ తిరగదు కనుక పక్క నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగి చూసేవాడు. ఇప్పుడు మిషన్ భగీరథ పైపులలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి కానీ, ఒకసారి బిగుసుకుపోయిన వెన్ను మళ్లీ వదులు కాదు. చివరి రెండేళ్లు ఆయన మంచం దిగలేదు. నాయన పొలానికి, అమ్మ కూలికి పోయేవారు, అవ్వకు మోకాళ్ల నొప్పులు. కరోనా వలన కాలేజీ మూతపడి ఇంట్లో ఉన్నవాడిని నేనే కనుక ఒళ్లు తుడవడం, గడ్డం గీయడం, మూత్రం డబ్బా పెట్టడం, బువ్వ తినిపించడం అన్నీ నా చేతి మీదనే జరిగాయి.

ఆ రెండేళ్లలో నేను తెలియక ఒక పెద్ద తప్పు చేశాను. కదిలిస్తే నొప్పితో అరుస్తాడని ఆయనను వీలైనంతవరకు కదిలించకుండా ఉంచాను. నడుము కింది ఎముక మీద చర్మం ఎర్రబడినప్పుడు అది చెమటకాయ అనుకొని పౌడరు చల్లాను. ఊరికి వచ్చే ఏఎన్ఎం (గ్రామ ఆరోగ్య కార్యకర్త) అక్క ఒకనాడు దుప్పటి తొలగించి చూసి, "ఎన్ని గంటలకొకసారి పక్క మారుస్తున్నవ్ తమ్మీ?" అని అడిగితే నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఒకే పక్కన కదలకుండా పడుకోవడం వలన అప్పటికి అది అరచేయంత పుండు అయింది. ఆ పుండును మాన్పించలేకపోయాము. చేతులున్నాయి, ఓపిక ఉంది, కానీ పని తెలియదు అన్నది నన్ను అప్పటి నుంచి వదలలేదు.

ఇప్పుడు కోర్సు అనగానే మా నాయన, "మొగోడివై ఉండి ఊరోళ్ల ఉచ్చ డబ్బాలు మోస్తవా? గిదానికేనా ఇంటర్ చదివింది?" అన్నాడు. తాతకు చేసినప్పుడు ఇదే మనిషి నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు. ఇంటివాడికి చేస్తే సేవ, జీతానికి పరాయివాడికి చేస్తే చిన్నతనం అన్నది ఆయన లెక్క. మా మేనమామ మాత్రం పిల్లనెవరిస్తారన్న దగ్గర ఆగిపోయాడు.

వారి సంగతి నేను చూసుకుంటాను. నేను ఇక్కడ అడగదలచుకున్నది పని గురించి. ఆడ రోగుల విషయంలో నేను ఎక్కడిదాకా వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి? ఈ సర్టిఫికెట్‌తో రేపు నర్సు కావడానికి దారి ఉన్నదా? మొదటి రోజుల్లో మగవాడిగా నేను ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసింది ఏమైనా ఉన్నదా? ఈ పని చేస్తున్నవారే కాక, ఈ పని చేయించుకున్నవారు కూడా చెప్పగలిగితే మరింత సంతోషిస్తాను.

జడ్చర్ల బ్రదర్:

తమ్ముడూ, నేను నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎం చదివి పదకొండేళ్లుగా హైదరాబాదులో ఐసీయూలో పని చేస్తున్నాను. ముందు నీ రెండో ప్రశ్న తేల్చేద్దాం, ఎందుకంటే దీని మీదనే ఎక్కువమంది మోసపోతున్నారు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ సర్టిఫికెట్ ఎంత మంచి కేంద్రం ఇచ్చినా అది నిన్ను నర్సును చేయదు, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఇప్పించదు. "రెండేళ్లు పని చేస్తే ఆటోమేటిక్‌గా స్టాఫ్ నర్సు అవుతారు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఏఎన్ఎం కోర్సు మహిళలకే. నీకు తెరిచి ఉన్న దారి మూడేళ్ల జీఎన్ఎం. ఇంటర్‌లో ఇంగ్లిషు ఉండి మొత్తం మీద 40 శాతం మార్కులు, వయసు 35 లోపు ఉంటే అర్హత సరిపోతుంది. నువ్వు బైపీసీ కనుక మార్కులు అనుకూలిస్తే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కూడా ఆలోచించవచ్చు. అయితే అన్ని కళాశాలల్లోనూ మగపిల్లలను తీసుకోరు కనుక ఫీజు కట్టే ముందు ప్రకటనలో ఆ ఒక్క వాక్యం వెతికి చదువు. చదువయ్యాక కూడా దారి కొంత ఇరుకే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం మనకు. మన బీబీనగర్ ఎయిమ్స్‌కు కూడా ఇదే లెక్క. దీని మీద నాకు ఫిర్యాదు ఉంది కానీ అది వేరే చర్చ.

ఇక నిజంగా చెప్పవలసిన మాట. వార్డులో మగవాడికి వచ్చే మొదటి ప్రమాదం అవమానం కాదు, బరువు. "బ్రదర్, ఒకసారి ఇటు రండి" అన్న పిలుపు పొద్దున ఏడింటికి మొదలవుతుంది. స్ట్రెచర్ ఎక్కించాలి, కుర్చీలో కూర్చోబెట్టాలి, తాగి వచ్చినవాడిని పట్టుకోవాలి, ఆక్సిజన్ సిలిండర్ దొర్లించాలి. ప్రతి పిలుపులోనూ తప్పేమీ లేదు, అందరూ మర్యాదగానే పిలుస్తారు, నీకు కూడా "నేను లేకపోతే వార్డు నడవదు" అన్న గర్వం కలుగుతుంది. మూడు నెలలు గడిచేసరికి నీతో చేరిన ఆడపిల్లలు ఒళ్లు తుడవడం, ట్యూబు ద్వారా ఆహారం పోయడానికి రోగిని సిద్ధం చేయడం, మూత్రం కొలిచి చార్టు నింపడం, నాడి చూడటం నేర్చుకొని ఉంటారు; నువ్వు మోయడం మాత్రమే నేర్చుకొని ఉంటావు. నాతో శిక్షణ పొందిన ఒక స్నేహితుడు ఇలాగే ముప్పై ఏళ్లకు నడుము డిస్కు జారి ఈ వృత్తి వదిలివేశాడు, అప్పటికి అతనికి బీపీ చూడటం కూడా సరిగా రాదు. కనుక మొదటి వారంలోనే మీ ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి, అందరూ ఎన్ని స్పాంజ్ బాత్‌లు (తడిగుడ్డతో ఒళ్లు తుడవడం), ఎన్ని చార్టులు చేస్తే నువ్వూ అన్ని చేసేటట్లు డైరీలో రాయించుకో.

ఎత్తడం కూడా బలంతో చేసే పని కాదు. ఒంటరిగా ఎత్తవద్దు. నడుము వంచకుండా మోకాళ్లు వంచు, రోగిని నీ ఒంటికి దగ్గరగా ఉంచుకో, అడుగు తిప్పాలే తప్ప నడుము మెలితిప్పకూడదు. మంచం పైకి జరపాలంటే చంకల కింద చేతులు పెట్టి లాగడం మన ఇళ్లలో అలవాటు. అది భుజం కీలును దెబ్బ తీస్తుంది, వీపు చర్మాన్ని దుప్పటి మీద ఈడ్చి ఒరిపిస్తుంది. రోగి కింద అడ్డంగా డ్రా షీట్ (చిన్న దుప్పటి) పరిచి, చెరో వైపు ఒకరు నిలబడి, లెక్క పెట్టి ఒకేసారి జరపాలి. మీ తాతగారి వంటి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగిసే జబ్బు) రోగి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వారి వెన్నుపూసలు, వాటిని కలిపి పట్టి ఉంచే తాళ్లలాంటి కట్లు (లిగమెంట్లు) సున్నం పేరుకొని గట్టిపడతాయి. ఎముక చూడటానికి దిట్టంగా ఉన్నా లోపల పెళుసు. తల ఒకవైపు, నడుము ఒకవైపు తిప్పితే ప్రాణం పోయినంత నొప్పి. భుజం, తుంటి, మోకాలు మూడింటినీ ఒకేసారి, దుంగను దొర్లించినట్లు తిప్పాలి. నువ్వు తిప్పినప్పుడు ఆయన ఎందుకు అరిచేవాడో ఇప్పుడు నీకు అర్థమవుతుంది.

పక్షవాతం రోగికి చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు అది చివర. చక్రాల కుర్చీని బాగున్న వైపు పెట్టాలి. డయాలసిస్ రోగికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళాలు) ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు. యూరిన్ బ్యాగును ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందనే వేలాడదీయాలి, స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు రోగి పొట్ట మీద పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, అది చేయవద్దు. ఊపిరి లెక్కించేటప్పుడు లెక్కిస్తున్నానని చెప్పవద్దు, చెబితే రోగి ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్లే మణికట్టు పట్టుకొని నిమిషం పాటు ఛాతీని గమనించు. గంటకు మూత్రం 30 మిల్లీలీటర్లకు తగ్గితే నువ్వేమీ చేయనక్కరలేదు, కానీ నర్సుకు వెంటనే చెప్పకపోతే అది నీ తప్పు. ఈ చిన్న చిన్న సంగతులే మనిషిని వార్డ్ బాయ్ అన్న పిలుపు నుంచి బయటకు తెస్తాయి, యూనిఫాం కాదు.

పాలమూరు సిస్టర్:

నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే వార్డు ఇన్‌ఛార్జిగా పదవీ విరమణ చేశాను. బ్రదర్ గారు పని గురించి చెప్పినవన్నీ సరైనవి. 80 శాతం గురించి మాత్రం ఒక్క మాట చెప్పి వదిలివేస్తాను: మా కాలంలో పల్లెటూరి ఆడపిల్ల గడప దాటి జీతం తెచ్చుకోవడానికి టీచరు ఉద్యోగం తరువాత మిగిలిన దారి ఇదొక్కటే, దానికి కూడా ఊళ్లో ఎన్ని మాటలు పడ్డామో మాకు తెలుసు. "నర్సమ్మను ఎవరు చేసుకుంటరు" అన్నారు మమ్మల్ని కూడా. కనుక బాబూ, మీ మేనమామ గారి ప్రశ్న కొత్తది కాదు.

ఆడ రోగుల గురించి అడిగారు. మగ శిక్షణార్థుల్లో నేను రెండు రకాలవారిని చూశాను. అడగకుండా దుప్పటి తొలగించేవారు ఒక రకం. వారిని ఆ రోజే వార్డు బయట నిలబెట్టేదానిని. రెండవ రకం వారు మర్యాదస్తులు, కానీ వారి వల్ల కూడా నష్టం జరుగుతుంది. ఒక రాత్రి డెబ్బై దాటిన ఒక అమ్మ బాత్రూముకు పోవాలని అడిగితే, డ్యూటీలో ఉన్న అబ్బాయి "ఆయమ్మను పిలుస్తాను" అని బయటకు పోయాడు. ఆయా వేరే వార్డులో ఉంది. అబ్బాయి ఆమె కోసం వరండాలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఇక్కడ ఈమె ఆపుకోలేక తనంతట తానే లేచి, కింద పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ అబ్బాయి సిగ్గుపడ్డాడే కాని తప్పు ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆమెకు కావలసింది చేయి పట్టుకొని తలుపు దాకా నడిపించే మనిషి. అది మగవాడు చేయకూడని పని కాదు.

నేను మా వార్డులో పెట్టిన పద్ధతి చెబుతాను. మొదట మీ పేరు, మీరు ఏమి చేయబోతున్నారో చెప్పండి. "అమ్మా, నేను ఫలానా, మీ బీపీ చూడటానికి వచ్చాను, చేయి పట్టుకోవచ్చునా" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్, డయాపర్ మార్చడం వంటివి ఆడ రోగికి ఆడ సిబ్బంది చేయాలి. ఆమె దొరకని పరిస్థితిలో రోగి ఒప్పుకుంటే, తెర వేసి, ఇంటివారిలో ఒక స్త్రీని గాని మరో సిబ్బందిని గాని పక్కన ఉంచుకొని చేయండి. తుడిచే భాగం మాత్రమే తెరిచి మిగిలినదంతా కప్పి ఉంచాలి. ఆమె వద్దంటే ఆ మాట నర్సుకు చెప్పి చార్టులో రాయించండి, మొహం మాడ్చుకోవద్దు. ఊపిరి ఆగిపోతున్నప్పుడు, కింద పడిపోతున్నప్పుడు, రక్తం కారుతున్నప్పుడు ఆడ మగ లెక్క లేదు, ముందు చేయి వేయండి.

ఇందులో అందరూ మరచిపోయే సంగతి ఒకటి ఉంది. మగ రోగిని కూడా అడగాలి. మగవాడికి మగవాడు చేస్తున్నాడు కదా, సిగ్గెందుకు అనుకొని తెర వేయకుండానే లుంగీ విప్పేస్తారు. మన పల్లెల్లో కొడుకు ముందు కూడా చొక్కా విప్పని పెద్దమనుషులు ఉన్నారు. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడంటే మీరు తెర వేయలేదన్నమాట.

ఇంకో రెండు మాటలు. పోస్టింగుకు పోకముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి. మొదటిది వేసుకున్న నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే ఆ వేలిని పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. తిడతారని దాచిపెట్టిన పిల్లలను చూశాను. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెడితేనే ప్రయోజనం, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఫోను వార్డులోకి తీసుకుపోయినా జేబులోంచి తీయకండి; రోగి పక్కన నిలబడి తీసుకున్న సెల్ఫీ వల్ల ఒక మంచి కుర్రవాడి ఉద్యోగం పోయింది.

కల్వకుర్తి నుంచి:

నేను ఇదే కోర్సు చేసి ఆరేళ్లుగా హైదరాబాదులో ఇళ్లలో రోగులను చూసుకుంటున్నాను. ఆసుపత్రి సంగతి పైన పెద్దలు చెప్పారు కనుక నేను ఇంటి సంగతి చెబుతాను, ఎందుకంటే ఆసుపత్రిలో ఖాళీలు లేకపోతే మీరు కూడా ఇటే వస్తారు. మంచాన పడిన మగ పెద్దలకు మగ అటెండెంటే కావాలని అడిగే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి పని దొరకడం కష్టం కాదు. కష్టమంతా ఏజెన్సీతోనూ, గంటలతోనూ.

నేను మొదట చేరిన ఏజెన్సీవారు నా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తీసి పెట్టుకున్నారు. మూడు నెలలకు మానివేస్తానంటే వాటి కోసం ఎనిమిది సార్లు తిరిగాను. జిరాక్సులు తప్ప ఒరిజినల్ కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి. అప్పుడు నా చేతికి నెలకు 15,000 వచ్చేది. ఆ ఇంటివారు నా పని కోసం 23,000 కడుతున్నారన్న సంగతి పెద్దాయన కోడలు మాటల మధ్యలో చెప్పినప్పుడు తెలిసింది. కనుక చేరే ముందు మొత్తం ఎంత, మీకెంత, వారానికి సెలవు ఉన్నదా, 12 గంటల డ్యూటీయా 24 గంటలదా అన్నది కాగితం మీద అడగండి. 24 గంటల డ్యూటీ అంటే పడుకోవడానికి సమయం ఇస్తారని అనుకుంటాము, కానీ రాత్రంతా రెండు గంటలకొకసారి పక్క మార్చవలసిన మనిషికి ఒక్కడే అటెండెంట్ ఉంటే ఆ నిద్ర ఎక్కడ ఉంటుంది? అటువంటి ఇళ్లలో ఇద్దరు కావాలని మొహమాటం లేకుండా చెప్పండి.

మెల్లమెల్లగా ఇంటి పనులు కూడా మీ మీదికి వస్తాయి. కూరగాయలు తేవడం, కారు తుడవడం, కుక్కను తిప్పడం. మొదటి రోజు కాదనలేకపోతే ఇక ఎప్పటికీ కాదనలేరు. దీనికంటే ప్రమాదకరమైనది, "నర్సు రావడం ఆలస్యమైంది, ఇన్సులిన్ నువ్వే వెయ్యి బాబూ" అనడం. అది మన పని కాదు. మందు మోతాదు మార్చడం, ఇంజెక్షన్ వేయడం, గొట్టాలు తీయడం పెట్టడం మన సర్టిఫికెట్‌లో లేవు. ఏదైనా జరిగితే అడిగినవారు పక్కకు తప్పుకుంటారు. నేను ఒక నోటు పుస్తకం పెట్టుకొని ఎన్ని గంటలకు ఏమి తినిపించాను, ఎంత మూత్రం వచ్చింది, ఎప్పుడు పక్క మార్చాను అన్నది రాస్తాను. ఒకసారి పెద్దాయన ఆసుపత్రి పాలైనప్పుడు డాక్టరు ఆ పుస్తకాన్నే అడిగి తీసుకున్నారు.

ఇంకొకటి చెప్పాలి. నేను చూసుకున్న వారిలో నలుగురు నా చేతిలోనే పోయారు. మొదటిసారి నాకు ఏమి చేయాలో తోచలేదు. ఇంటివారు నోట్లో తులసి తీర్థం పోయాలని తొందరపడతారు; మనిషి ఇంకా ఊపిరి తీస్తుంటే మింగలేనివాడికి నీళ్లు పోయనివ్వకూడదు, పెదవులు తడిపితే చాలని మెల్లగా చెప్పాలి. పోయిన తరువాత కళ్లు మూయడం, దవడ కట్టడం, ఒళ్లు తుడిచి శుభ్రమైన బట్ట కప్పడం వరకు మనం చేసి, మిగిలింది వారి పద్ధతికి వదిలివేయాలి. ఆ రాత్రి ఏజెన్సీవారు ఇంకో ఇంటికి పొమ్మంటారు. ఒక రోజు అడిగి ఇంటికి పోయి రండి.

మిర్యాలగూడ మాస్టారు:

చేయించుకున్నవారు కూడా చెప్పాలన్నారు కనుక రాస్తున్నాను. పక్షవాతం వచ్చి మా నాన్నగారు పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మొదటి రెండు రోజులు ఆయన నీళ్లు తాగడం మానివేశారు. మింగడం కష్టమై తాగడం లేదేమోనని అందరం భయపడ్డాము, పరీక్షలు కూడా చేశారు. మూడవ రోజు డ్యూటీకి ఒక అబ్బాయి వచ్చాడు, మీ వయసే ఉంటుంది. ఏమీ అడగకుండా యూరినల్‌ను ఒక టవల్‌లో చుట్టి తెచ్చి, తెర వేసి, "పెద్దయ్యా, ఇది పెట్టి నేను అటు తిరిగి నిలబడతాను" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం నాన్నగారు రెండు గ్లాసుల నీళ్లు తాగారు. ఆడపిల్లలను మూత్రం డబ్బా అడగలేక దాహం చంపుకున్నారన్నమాట. ఆ సిస్టర్లు ఎంతో మంచివారు, తప్పు వారిది కాదు.

డిశ్చార్జి రోజున ఆ అబ్బాయి నాన్నగారికి గడ్డం గీసి, అద్దం పట్టుకొని చూపించాడు. పడిపోయిన బుగ్గను లోపలి నుంచి నాలుకతో నెట్టలేరు కనుక తన వేలితో చర్మం బిగించి పట్టుకొని గీశాడు. అది ఎవరో నేర్పి ఉండాలి, లేదా తానే కనిపెట్టి ఉండాలి.

మర్రిగూడ మనుమడు:

అందరికీ కృతజ్ఞతలు. చేరి తొమ్మిది రోజులైంది. ఇంకా వార్డుకు పంపలేదు. బొమ్మ మీదా, ఒకరి మీద ఒకరమూ నేర్చుకుంటున్నాము. మొన్న నన్ను రోగిగా పడుకోబెట్టి, చేతులు కదపవద్దని చెప్పి, తోటి శిక్షణార్థి ఒకామె చెంచాతో ఉప్మా తినిపించింది. నేను మింగకముందే రెండో చెంచా నోటి దగ్గరకు వచ్చింది. నీళ్లు కావాలని ఎట్లా చెప్పాలో తెలియలేదు. తాతకు నేను తినిపించినప్పుడు ఎన్నిసార్లు తొందర చేశానో లెక్కే లేదు, పొలానికి భోజనం తీసుకుపోవాలన్న ధ్యాసలో ఉండేవాడిని.

బ్రదర్ అన్నా, మీరు చెప్పినట్లే జరిగింది. మంచాలు వచ్చిన రోజున లారీ నుంచి దించడానికి మమ్మల్ని ముగ్గురినే పిలిచారు, ఆ సమయంలో మిగిలినవారికి చేతులు కడిగే పద్ధతి నేర్పారు. సాయంత్రం వెళ్లి అడిగితే ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ మాకు వేరుగా మళ్లీ చూపించారు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో రుద్దుకుంటే 20 నుంచి 30. ఇక ముందు మోయడానికి అందరినీ పిలుస్తామని కూడా అన్నారు.

నాయన ఇంకా మాట్లాడటం లేదు. అవ్వకు మాత్రం వేరే గొడవ. నా కుడి మణికట్టుకు చెర్వుగట్టు గుడిలో కట్టించిన దారం ఉంది, మూడేళ్లుగా తీయలేదు. వార్డుకు వచ్చేనాటికి చేతికి ఉంగరం, గడియారం, దారం ఏదీ ఉండకూడదని మేడమ్ చెప్పారు. అవ్వ తీయనివ్వనంటున్నది. సిస్టర్ గారూ, మీ కాలంలో ఇటువంటివాటిని ఎలా సర్దుబాటు చేసేవారు?

పాలమూరు సిస్టర్:

మేడమ్ చెప్పింది సరైనది. తడిసిన దారం ఆరదు, సబ్బు దాని కిందికి పోదు, ఒక రోగి చీము ఇంకో రోగి దాకా దాని మీదనే ప్రయాణం చేస్తుంది. మా వార్డులో చెర్వుగట్టు దారాలు, మన్యంకొండ దారాలు, జహంగీర్ పీర్ దర్గా తాయెత్తులు అన్నీ ఉండేవి. ఎవరినీ పారవేయమనలేదు. మోచేతి పైన దండకు కట్టుకోమనేదానిని, అక్కడ ఉంటే చేతులు కడగడానికి అడ్డం రాదు. మీ అవ్వగారి చేతనే విప్పించి, ఆమె చేతనే పైన కట్టించుకోండి. మీరు ఒక్కరే తీస్తే ఆమె మనసు ఒప్పదు. ముడి గట్టిగా ఉంటే కత్తెర వాడవద్దంటారేమో, కొంచెం కొబ్బరినూనె రాస్తే సడలుతుంది. గోళ్లు మాత్రం ఆ పూటే కత్తిరించుకోండి.